మళ్ళీ అదే శ్రుతిలో

"అదే పాట మళ్ళీ చేశాడు కదే" అంది మా ఆఫీసులో స్నేహితురాలు, ఇయర్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడుతూ.

స్పిరిచువలైజ్డ్ అనే ఇంగ్లండ్ సైకెడెలిక్ రాక్ బ్యాండ్ ఆల్బమ్ 'ఎవ్రీథింగ్ వాజ్ బ్యూటిఫుల్' వినమని నేనే తన వెంటపడ్డాను. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆల్బమ్ అది. డిసెంబరు దాకా తనకు కుదరలేదు. చివరికి ఒకరోజు పొద్దున కంపెనీ బస్సులో మద్రాసు ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్ మధ్య మూడు పాటలు వింది. తేలిగ్గా తీసిపారేసే మనిషి కాదు తను. ఈ బ్యాండ్ 1997లో చేసిన 'లేడీస్ అండ్ జెంటిల్మెన్ వి ఆర్ ఫ్లోటింగ్ ఇన్ స్పేస్'ను కాలేజీ హాస్టల్లో నాకు వినిపించిందే తను. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ మాట తప్పని నేను అనను. అదే పాట. మెల్లగా మొదలవుతుంది, ఒకటి రెండు కార్డ్‌ల మీదే తిరుగుతుంది, వయొలిన్లు వచ్చి చేరతాయి, తర్వాత బాకాలు, తర్వాత కోరస్, చివరికి అన్నీ కలిసి ఒకటే హోరు. ఈ బ్యాండ్‌లో పాటలు రాసి పాడే జేసన్ పియర్స్ 1990లో స్పిరిచువలైజ్డ్ పెట్టినప్పటి నుంచీ ఇదే పని చేస్తున్నాడు. అంతకుముందు స్పేస్‌మెన్ 3 అనే బ్యాండ్‌లో ఉన్నప్పుడు కూడా చేసింది ఇదే, ఇంకా తక్కువ సరంజామాతో. నాకు పేచీ ఉన్నదల్లా 'మళ్ళీ' అన్న మాటతో. మళ్ళీ చేయడం తప్పని మనం ఎప్పుడు తీర్మానించుకున్నాం? అదీ మద్రాసులో ఉంటూ, డిసెంబరు నెలలో?

పెదనాన్న నోట్‌బుక్

మా పెదనాన్నది నెల్లూరు. ఉద్యోగానికి మద్రాసు వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. ఇల్లు మైలాపూరులో, మందవెళి స్టేషన్‌కి నడిచిపోయేంత దూరం. డిసెంబరులో కర్ణాటక సంగీత కచేరీల సీజన్ వస్తే ఆయనకి ఇల్లు పట్టదు. మధ్యాహ్నం చిన్నవాళ్ళు పాడే ఉచిత కచేరీలకు, సాయంత్రం టిక్కెట్టు కొని పెద్దవాళ్ళ కచేరీలకు వెళతాడు. వేళచ్చేరి నుంచి రైలెక్కి నేనూ అప్పుడప్పుడు వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటాను.

ఆయన దగ్గర ఒక లాంగ్ సైజు నోట్‌బుక్ ఉంది. సీజన్‌కి ఒకటి. తేదీ, కచేరీ పెట్టిన సభ, పాడినవాళ్ళు, వయొలిన్, మృదంగం, పాడిన కృతుల వరుస, ప్రధాన రాగం కింద ఎర్ర గీత, చివర్లో తన మాట ఒక్క ముక్క. మొన్న సీజన్‌లో ఒకే వారంలో కల్యాణి రాగంలోని త్యాగరాజ కృతి 'నిధి చాల సుఖమా' మూడుసార్లు విన్నాడు, ముగ్గురి దగ్గర. మూడోసారి నేనూ ఉన్నాను. బయటికొచ్చి కాఫీ తాగుతుంటే అడిగాను, "విసుగు రాదా పెదనాన్నా?" అని.

"ఎందుకొస్తుందమ్మా?" అన్నాడు. నిజంగానే ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. సంచిలోంచి నోట్‌బుక్ తీసి మూడు పేజీలు చూపించాడు. మొదటిరోజు: "మమత బంధన యుత దగ్గర నెరవల్. నిదానం. చాలా బాగుంది." నెరవల్ అంటే కృతిలో ఒక్క వరుసనే పట్టుకుని రకరకాలుగా పాడడం. రెండో రోజు: "స్వరాలు మాత్రమే. తొందర." ఆ రోజు పేజీ ఇంకా ఖాళీగా ఉంది. అక్కడే నిలబడి, గ్లాసు గోడ మీద పెట్టి రాశాడు: "ఆలాపనలో పైషడ్జానికి (పై 'స'కి) పోకుండా చాలాసేపు ఆపాడు."

కల్యాణి మూడుసార్లు వచ్చిందన్న సంగతి ఆయన ఎక్కడా రాయలేదు. ఆయన లెక్కలో అది రాయాల్సిన విషయమే కాదు. రాగం ఎలాగూ కల్యాణే. ఈ పూట దాంట్లో ఏం జరిగింది అన్నదే ఆయనకు కావాలి.

ఆ రాత్రి తిరుగు రైల్లో స్నేహితురాలి మాట మళ్ళీ గుర్తొచ్చింది. మా పెదనాన్న ఆ ఆల్బమ్ గురించి రాయాల్సి వస్తే "అదే పాట మళ్ళీ చేశాడు" అని మాత్రం రాయడు అనిపించింది. నేను చెప్పాలనుకున్నది అప్పటికి దొరికింది. ముప్పై ఏళ్ళు దాటిన ఇలాంటి బ్యాండ్ కొత్త ఆల్బమ్‌ని కొత్త సినిమా చూసినట్టు వినకూడదు. తెలిసిన రాగంలో ఇంకో సాయంత్రం విన్నట్టు వినాలి. 'ఏం కొత్తగా ఉంది?' అని అడిగితే ఇవాళ్టి కచేరీ మన చెవిన పడదు.

సితార్ లేని సితార్ కచేరీ

ఈ పోలిక తేగానే కొందరికి మొహం వెలిగిపోతుందని తెలుసు. సైకెడెలిక్ రాక్ అంతా మన దగ్గర్నుంచే పోయిందనీ, బీటిల్స్ మన దగ్గరికొచ్చి నేర్చుకున్నారనీ ఆ వరుస మొదలవుతుంది. నాకు ఆ వరుస నచ్చదు. తంబుర మోత 1966లో వాళ్ళ రికార్డుల్లోకి వెళ్ళిన మాట నిజమే. కానీ వెళ్ళాక వాళ్ళు దాంతో ఏం చేసుకున్నారన్నది వాళ్ళ కథ. మన గొప్ప కోసం దాన్ని వాడుకోవడం ఎందుకు?

ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. 1988 ఆగస్టులో లండన్ దగ్గర బ్రెంట్‌ఫర్డ్‌లో ఒక ఆర్ట్స్ సెంటర్ హాలు బయట స్పేస్‌మెన్ 3 వాయించారు. సినిమా కోసం వచ్చి ఎదురుచూస్తున్న జనం ముందు. దానికి పెట్టిన పేరు 'సమకాలీన సితార్ సంగీత సాయంత్రం' అని అర్థం వచ్చేది. సితార్ లేదు. గిటార్లతోనే ఒకే స్వరాన్ని పట్టుకుని ముప్పావుగంట సేపు వాయించారు. తర్వాత అది 'డ్రీమ్‌వెపన్' పేరుతో రికార్డుగా వచ్చింది. వెనక జనం మాటలు, ఏవో ప్రకటనలు కూడా వినిపిస్తుంటాయి.

మొదటిసారి విన్నప్పుడు ఇదేం మోసం అనిపించింది. తర్వాత ఒకరోజు మైలాపూరులో కచేరీకి తొందరగా వెళ్ళి కూర్చున్నాను. స్టేజీ మీద ఎవరూ లేరు. శ్రుతి పెట్టె మాత్రం ఆన్ చేసి పెట్టి వెళ్ళారు. జనం వచ్చి కూర్చుంటున్నారు, ఫోన్లు మాట్లాడుకుంటున్నారు, ఎవరో సీటు కోసం పోట్లాడుతున్నారు. అన్నిటి కిందా ఆ స, ప, స అలా పోతూనే ఉంది. పది నిమిషాలు గడిచాక ఒక్కసారిగా హాలు సద్దుమణిగింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ మోతే వాళ్ళని కూర్చోబెట్టింది. 'డ్రీమ్‌వెపన్' గుర్తొచ్చింది. వాళ్ళు సితార్ లేకుండా సితార్ కచేరీ అన్నది దేన్నో నాకు అప్పుడు తెలిసింది. పియర్స్ అప్పుడు ఆ మోతలో కూర్చున్నవాడు ఇప్పటికీ లేవలేదు.

మొదటి పాట దగ్గర

ఇంక కొత్త ఆల్బమ్ మొదటి పాటకి వస్తాను, నా వాదనంతా దాని మీదే ఉంది కాబట్టి.

1997 ఆల్బమ్ ఫోన్లో మాట్లాడుతున్నట్టు ఒక ఆడగొంతుతో మొదలవుతుంది. ఆ గొంతు ఆల్బమ్ పేరు పలుకుతుంది. అప్పట్లో బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించిన కేట్ రాడ్లీ గొంతు అది. తర్వాత పియర్స్ పాట, దాని మీద ఇంకో పాట, దాని మీద ఇంకోటి, ఒకదానిలోంచి ఒకటి తిరుగుతూ. ఆ పొరల్లో ఒకటి ఎల్విస్ ప్రెస్లీ పాటలోని వరుస. ఎల్విస్ వారసులు ఒప్పుకోకపోతే అప్పట్లో తీసేసి వేరే మాటలు పాడాడు. 2009లో మళ్ళీ విడుదల చేసినప్పుడు అది తిరిగొచ్చింది.

2022 ఆల్బమ్ కూడా ఆల్బమ్ పేరు పలికే గొంతుతోనే మొదలవుతుంది. ఈసారి ఆ గొంతు పియర్స్ కూతురు పాపీది. తర్వాత అదే పద్ధతి. మెల్లగా ఒక గిటారు, ఆయన గొంతు, నీకేది కావాలంటే అది నేనవుతానని ఒక్కో వస్తువు పేరూ చెప్పుకుంటూ పోయే చిన్నపిల్లల పాట లాంటి వరుస, దాని మీద వయొలిన్లు, కోరస్, బాకాలు.

స్నేహితురాలు 'అదే పాట' అన్నది ఇక్కడే. పోల్చుకోమనే ఆయన ఆ గొంతుతో మొదలుపెట్టాడు. పాతికేళ్ళ తర్వాత అదే పల్లవి ఎత్తుకున్నాడు. పల్లవి అదే అయినప్పుడే కదా సంగతి మారిందని తెలిసేది? 1997లో ఆ పొరలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి, ఎవరినో బతిమాలుతున్నట్టు. ఇప్పుడు ఒక్కో వాయిద్యం ముందుదానికి చోటిచ్చి వస్తుంది. అప్పుడు 'నాకు కావాలి' అని అడిగిన గొంతు ఇప్పుడు 'నీకేం కావాలి' అని అడుగుతోంది. కొత్త రకం పాటతో మొదలుపెట్టి ఉంటే ఈ తేడా నాకు వినిపించేది కాదు.

ఇంకో సంగతి. ఈ పాట కూడా పూర్తిగా కొత్తది కాదు. 2014లో ఒక సంకలనం కోసం దీన్నే వేరే పేరుతో చేశాడు. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ ఎత్తుకుని పెంచాడు. అసలు ఈ ఆల్బమ్‌నీ, దీనికి ముందు 2018లో వచ్చిన 'అండ్ నథింగ్ హర్ట్'నీ కలిపి ఒకటే పెద్ద ఆల్బమ్ చేయాలనుకున్నాడట. రెండు పేర్లూ కలిపి చదివితే కర్ట్ వోనెగట్ నవలలోని వాక్యం అవుతుంది. 2018లో ఆర్కెస్ట్రాకీ స్టూడియోకీ డబ్బులు చాలక ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఎక్కువ భాగం కట్టుకున్నాడు. ఈసారి 11 స్టూడియోలు, 30 మందికి పైగా మనుషులు, తానే స్వయంగా 16 వాయిద్యాలు. 2001లో 'లెట్ ఇట్ కమ్ డౌన్'కి వంద మందికి పైగా వాయించారు. పక్కవాద్యాలు ఒక్కోసారి నిండుగా, ఒక్కోసారి ఒక్క వయొలిన్‌తో. కచేరీ చేసేవాడు మాత్రం అదే రాగం తీస్తాడు.

నన్ను ఆపిన అనుమానాలు

రాసుకుంటూ పోతే అంతా సరిగ్గా కుదిరినట్టే ఉంటుంది. కానీ మూడు చోట్ల నేను ఆగిపోయాను.

మొదటిది మనోధర్మం, అంటే పాడేవాళ్ళు అప్పటికప్పుడు అల్లుకునేది. కల్యాణి మూడుసార్లు విన్నా విసుగు రాకపోవడానికి కారణం ఆలాపన, నెరవల్, స్వరం ఆ పూటకి అప్పుడే పుట్టడం. రికార్డు అలా కాదు. ఒకసారి అచ్చయ్యాక వందోసారి విన్నా మొదటిసారి విన్నదే. అయితే పోలిక ఎక్కడ నిలుస్తుంది? నాకు తోచింది ఇది: ఇలాంటి బ్యాండ్‌కి ఒక ఆల్బమ్ అంటే ఒక పూట. నాలుగేళ్ళకో ఆరేళ్ళకో వచ్చే పూట. మనోధర్మం ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ మధ్య ఉంటుంది. ఒక్క ఆల్బమ్ మాత్రమే విన్నవాళ్ళకి అది దొరకదన్నది ఒప్పుకోవాలి. ఈ ఆల్బమ్‌తోనే ఈ బ్యాండ్‌ని మొదలుపెట్టేవాళ్ళకి నా వాదన ఎందుకూ పనికిరాదు.

రెండోది పెదనాన్నే తెచ్చాడు. "వాళ్ళు పాడేది త్యాగరాజస్వామిది. ఈయన తనదే తాను పాడుకుంటున్నాడు. రెండూ ఒకటెట్లా అవుతాయి?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపు తనే మళ్ళీ మొదలుపెట్టాడు. "కద్దనువారికి, ఎందు దాగినాడో, కొలువమరె గద, దాశరథీ నీ ఋణము, ఏమి జేసితేనేమి" అని వేళ్ళు మడిచాడు. "ఐదూ తోడి రాగమే. ఐదూ ఆయనవే. ఐదూ ఆ రాముడి కోసమే. ఏదన్నా ఒకటి తీసెయ్ చూద్దాం." తీయలేను. ఎవరు తీయగలరు? తన ప్రశ్నకి తనే అడ్డం తిరిగాడని ఆయన గమనించాడో లేదో.

మూడోది అసలైన చిక్కు. మళ్ళీ చేయడమంతా లోతుకు పోవడం కాదు. కొట్టు తెరిచి పాత సరుకే అమ్ముకునే బ్యాండ్‌లు బోలెడున్నాయి. పియర్స్ చేస్తున్నది కూడా అదే అని ఎందుకు అనుకోకూడదు? ఆయన్ని ఇష్టపడుతున్నాను కాబట్టి వెనకేసుకొస్తున్నానా? దీని మీద చాలా రోజులు ఆలోచించాను. 2003లో వచ్చిన 'అమేజింగ్ గ్రేస్' నాకు ఇప్పటికీ ఎక్కదు. అందులో వేగం ఉంది, గరుకు ఉంది, అంతకుముందు ఆల్బమ్ కంటే చాలా వేరుగా ఉంది. తేడాయే గొప్పయితే నాకు అదే నచ్చాలి. కానీ విన్నప్పుడల్లా శ్రుతి వదిలి పరిగెత్తినట్టుంటుంది. అంటే ఆయన ఏం చేసినా నేను తలూపడం లేదు. ఆ మాత్రం నమ్మకం నా మీద నాకు కలిగింది.

ఇంకో పక్క నుంచి కూడా చూశాను. 2009లో వాళ్ళు లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో 1997 ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా అదే వరుసలో వాయించారు. అభిమానులు ఎగబడి చూశారు. దాన్ని ఎవరూ 'మళ్ళీ అదే' అని తప్పుపట్టలేదు. పాతదాన్ని ఉన్నదున్నట్టు వాయిస్తే పండగ, అదే పాతదాన్ని పట్టుకుని ఒక్క అడుగు లోపలికి వేస్తే 'కొత్తదనం లేదు' అన్న మాట. ఈ తూకం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ఇది ఒక్క ఈ బ్యాండ్‌కే జరుగుతున్నది కాదు. దశాబ్దాల తరబడి పనిచేసే ఎవరికైనా మనం ఇదే తూకం వేస్తున్నాం.

వినే చోటు గురించి నేను ఎవరినీ తప్పుపట్టను. బస్సులో వింటే వినడం కాదని అనేవాళ్ళున్నారు. నేనూ ఈ ఆల్బమ్ సగం రైల్లోనే విన్నాను. వేళచ్చేరి నుంచి మైలాపూరు దాకా ఎత్తున పోయే ఆ లైను మీద, కింద బకింగ్‌హామ్ కాలువ నల్లగా కనిపిస్తుండగా, ఐదో పాట 'ది మెయిన్‌లైన్ సాంగ్' వచ్చింది. రైలు చప్పుళ్ళతో మొదలయ్యే పాట. బయటిది ఏదో లోపలిది ఏదో కాసేపు తెలియలేదు. ఆ పాటలో మాటలు వచ్చేసరికి గ్రీన్‌వేస్ రోడ్ స్టేషన్ దాటిపోయింది. దిగాల్సిన మందవెళి కంటే ముందే దిగుతానేమో అని ఎప్పుడూ కంగారుపడే నేను, ఆ రోజు మందవెళి కూడా దాటించేసి తర్వాతి స్టేషన్ నుంచి వెనక్కి నడిచాను.

హాల్లో చిన్న స్పీకర్

సంక్రాంతి సెలవుల్లో పెదనాన్న వాళ్ళింటికి చిన్న బ్లూటూత్ స్పీకర్ పట్టుకెళ్ళాను. ఆయన్ని ఒప్పించాలని కాదు. ఆయన దీన్ని ఎలా వింటాడో చూడాలనిపించింది.

మొదటి పాట పెట్టాను. ఆయన ముందు చేసిన పని, కళ్ళు మూసుకుని షడ్జం వెతుక్కోవడం. సన్నగా గొంతులో అందుకుని, దొరికాక తలూపి, కుడిచెయ్యి మోకాలి మీద వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కోరస్ వచ్చేదాకా అలాగే ఉన్నాడు. బాకాలు మొదలవగానే నొసలు ముడిపడ్డాయి. వంటింట్లోంచి పెద్దమ్మ వచ్చి "తలుపన్నా వేసుకోండి, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు?" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

మూడు పాటలయ్యాక లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు. చివరి పాట దాదాపు పది నిమిషాలు. దాంట్లో ఓపిక పట్టలేకపోయాడు, పేపరు తీశాడు. నేనేం అనలేదు. అయిపోయాక పేపరు మడిచి, "మొదట్లో ఆ పిల్ల గొంతు ఎవరిది?" అన్నాడు.

"ఆయన కూతురు."

"ఇంతకుముందు ఇట్లాగే ఒకటి చేశాడని చెప్పావే. దాంట్లో ఎవరు?"

చెప్పాను. అది కూడా పెట్టమన్నాడు. పెట్టాను. అయ్యాక కొత్తది మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి బాకాల దగ్గర నొసలు ముడవలేదు. మధ్యలో ఆపమని చెయ్యెత్తి, "ఇప్పుడు ఈయన వయసెంత?" అన్నాడు.

"యాభై ఏడు."

"పాతది పాడినప్పుడు?"

"ముప్పై ఒకటి."

"గొంతు తగ్గింది. తొందరా తగ్గింది" అని, మళ్ళీ పెట్టమని సైగ చేశాడు.

అలమరలోంచి నోట్‌బుక్ తీశాడు. సీజన్ అయిపోయింది కాబట్టి చివర్లో కొన్ని పేజీలే మిగిలాయి. బ్యాండ్ పేరు నన్ను అడిగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని తెలుగులో రాశాడు. సభ దగ్గర 'ఇల్లు' అని రాశాడు. వయొలిన్, మృదంగం ఉండే చోట 'చాలామంది' అన్నాడు. ఎర్ర పెన్ను తీసి, రాగం ఉండాల్సిన చోట కాసేపు ఆగి, ఖాళీగా వదిలేశాడు. ఒకే పేజీలో రెండు వరుసలు రాశాడు, రెండు రోజుల కచేరీలకు రాసినట్టు. పైన 1997. కింద 2022. కింది వరుస చివర: "శ్రుతి నిలిచింది. బాకాలు ఎక్కువ. ఎత్తుగడ నిదానం. పిల్ల గొంతు బాగుంది."

ఆ పేజీ ఫోటో తీసి స్నేహితురాలికి పంపాను. రాత్రి పదకొండింటికి జవాబొచ్చింది. "నాలుగో పాట నుంచి వింటున్నా" అని.